ఎర్రటోపీ బేరిపండు

చరిత్రకారులకు చిన్న విషయాలు కంటికి ఆనవు. ఏ రాజు ఏ కోట పట్టుకున్నాడు, ఏ సంధిపత్రం మీద ఎవడు సంతకం గీకాడు, వాళ్ళ గోలంతా అదే. అందుచేత ఏటా డిసెంబరు పదహారో తేదీ పొద్దున, కోళ్ళు ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగా, కాల్పాన్ ఊళ్ళో సైన్‌బోర్డులు రాసే దోన్ ఎవోదియో మంచం అంచున కూర్చుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, వీధి వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ పంపించే ఘట్టానికి ఇంతవరకు ఏ గ్రంథంలోనూ చోటు దొరకలేదు. ఇది విచారించదగ్గ లోటు. ఎందుకంటే ఆ వీధికి క్రిస్మస్ మొదలయ్యేది చర్చి గంటతో కాదు, ఆ బొమ్మతోనే.

"వచ్చిందా?" అని అడుగుతుంది ఒక ఇల్లాలు గోడ మీంచి.

"వచ్చింది తల్లీ, దిక్కుమాలిన పండు!" అంటుంది పక్కింటావిడ.

అంతే. అటకల మీంచి పెద్ద గిన్నెలు దిగుతాయి, కొవ్వొత్తులు బయటికొస్తాయి, పిల్లలు ఆ పొద్దుటినుంచే చదువు మానేస్తారు.

ఇంతకీ ఆ బొమ్మలో ఉన్నది ఒక పసుపుపచ్చని పండు. నెత్తిన ఎర్రటోపీ, కింద తెల్లగడ్డం. అడుగున నాలుగు మాటలు. ఆ ఊరి భాషలో బేరిపండును 'పేరా' అంటారు. 'ఎస్ పేరా' అంటే 'ఇది బేరిపండు' అని. రెండూ కలిపేసి 'ఎస్పేరా' అన్నారంటే 'కాస్త ఆగు' అని. "ఎస్ పేరా, క్రిస్మస్ వచ్చేస్తోంది" అని రాసి ఊరుకున్నాడు ఎవోదియో. అంతకు మించి అందులో లోతేమీ లేదు. ఉందని అతనూ ఎప్పుడూ వాదించలేదు. కానీ ఆ బొమ్మ గీసింది మాత్రం తన సొంత చేయి. కాగితం మీద రంగులతో గీసి, ఫోన్‌తో ఫోటో తీసి పంపాడు, తొమ్మిదేళ్ళ కిందట. అప్పటికింకా కళ్ళజోడు రాలేదు. వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే, ఎందుకంటే బొమ్మ గీసేటప్పుడు ఎవోదియో ఎదురుగా ఉన్న వస్తువు వంక చూడడు. వెలుగు ఎటు పడుతోంది, నీడ ఎటు జారుతోంది, అంతే చూస్తాడు. "వస్తువు నా బుర్రలో ఉంది, ఎదురుగా ఏదో ఒకటి ఉంటే చాలు" అనేది అతని కళాసిద్ధాంతం.

ఆ మొదటి రోజు వీధంతా నవ్వింది. బొటనవేళ్ళు లేచాయి, కన్నీళ్ళొచ్చేలా నవ్వే మొహాలు వరుసకట్టాయి. అన్నిటికీ చివర క్రిసోఫరో రాశాడు:

"బొమ్మ బ్రహ్మాండం కొంపాద్రే. కానీ అది బేరిపండు కాదు, మెంబ్రియో."

మెంబ్రియో అంటే బేరిపండుకు పెదనాన్న కొడుకులాంటిది. పసుపుగానే ఉంటుంది, నూగు ఎక్కువ, ఒళ్ళు గడ్డలు గడ్డలు, పచ్చిది కొరికితే నోరు బిగుసుకుపోతుంది. పంచదార పోసి గంటలకొద్దీ ఉడికిస్తే తప్ప దారికి రాదు. వేరే ఊళ్ళో అయితే ఈ మాటకు ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు. కానీ కాల్పాన్ అంటే తోటలు. పెరట్లో చెట్టు లేని ఇల్లుంటే ఆ ఇంట్లో ఏదో లోపం ఉందనుకుంటారు. పిల్లలకు అక్షరాలకంటే ముందు పళ్ళు వస్తాయి. అలాంటి ఊళ్ళో పుట్టి, అరవయ్యేళ్ళు బతికి, బేరిపండుకూ మెంబ్రియోకూ తేడా తెలియదని పదిమందిలో అనిపించుకోవడమంటే, కన్నతల్లిని చూసి 'ఎవరమ్మా మీరు' అని అడిగాడనిపించుకోవడంతో సమానం. అందులోనూ అన్నది ఎవరు? సంతలో ముప్పయ్యేళ్ళుగా పళ్ళు అమ్ముతున్న క్రిసోఫరో. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గోడ దూకి ఒకే తోటలో దొంగతనం చేసినవాళ్ళు. ఎవోదియో కూతురు మరిక్రూస్‌కు జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడూ అతనే. కన్నతండ్రీ జ్ఞానతండ్రీ ఒకరికొకరు కొంపాద్రేలు. అది రక్తసంబంధం కంటే ఒక మెట్టు పైన. అంతవరకు 'ఒరేయ్' అని పిలుచుకున్న మనుషులు ఆ రోజునుంచి 'మీరు' అనుకోవాలి, చచ్చేదాకా. ఎవోదియో పెళ్ళాన్ని 'నువ్వు' అంటాడు, క్రిసోఫరోను 'మీరు' అంటాడు.

కాబట్టి ఆ రోజు జవాబు కూడా మర్యాదగానే వెళ్ళింది.

"కొంపాద్రే, మీరు పళ్ళు అమ్మడం మానేసి గాడిదలు అమ్ముకోండి. వాటినైనా గుర్తుపడతారేమో."

"గాడిద బొమ్మ మీరు గీసినా నేను మెంబ్రియో అనే అంటాను కొంపాద్రే" అని వచ్చింది తిరుగు టపా. "అయినా డిసెంబరులో బేరిపండు ఎక్కడిది మీకు? జూలైలో కాస్తుంది, ఆగస్టుకల్లా అయిపోతుంది. ఈ చలికాలంలో నిలవుండేది మెంబ్రియోనే."

ఈ వాదంలో బలం ఉంది. అందుకే మరీ మండింది.

లోకంలో తగవులన్నీ చివరికి మతిమరుపు వల్లే చల్లారతాయి. ఇదీ చల్లారేదే. కానీ మరిక్రూస్ ఆ బొమ్మను ప్వెబ్లా పట్నంలో తనతో పనిచేసే పిల్లకు పంపింది. ఆ పిల్ల ఎవరికి పంపిందో దేవుడికెరుక. మరుసటి డిసెంబరుకు బొమ్మ సముద్రతీరం నుంచి తిరిగొచ్చింది, చుట్టూ గంటలు కట్టుకుని. ఆ తరవాతి ఏడు స్పెయిన్ నుంచి వచ్చింది, మంచు కురిపించుకుంటూ. మరో ఏడు అర్జెంటీనా నుంచి వచ్చినప్పుడు అది కన్ను కొట్టింది. ఎవరికి వచ్చినా ముందు ఎవోదియోకు, వెంటనే క్రిసోఫరోకు పంపడం వీధిలో ఆనవాయితీ అయింది. పొయ్యి ఆరబోతుందనగా ఎవడో ఒకడు ఏటా వచ్చి పుల్ల ఎగదోసి పోతున్నట్టు. ఇక ఎవోదియో, తను మెత్తబడ్డాడని ఎవరైనా అనుకుంటారేమోనని, ఏటా పదహారో తేదీ పొద్దున అసలు బొమ్మను తనే ముందుగా పంపేవాడు. క్రిసోఫరో ఏటా ఒకే మాట రాసేవాడు: "మెంబ్రియో." తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే మూడే. తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ మొత్తం ఇంతే.

డిసెంబరు పదహారునుంచి తొమ్మిది సాయంత్రాలు వీధిలో పొసాదాలు జరుగుతాయి. సాయంత్రానికో ఇల్లు. మరియమ్మ, యోసేపుల బొమ్మలు పట్టుకుని సగం జనం బయట నిలబడి బస ఇవ్వమని పాడతారు. సగం జనం లోపల నిలబడి పొమ్మని పాడతారు. ఎవరో ఏమిటో, దొంగలేమో, ఇక్కడ చోటు లేదంటారు. చివరికి వచ్చినవాళ్ళెవరో తెలిసి తలుపు తీస్తారు. తీశాక తిండి. ఈ పద్ధతిలో ఎవరి ఇంటికి ఎవరైనా వెళ్ళక తప్పదు. కానీ క్రిసోఫరో ఇంటి వంతు వచ్చిన సాయంత్రం ఎవోదియోకు జలుబు చేసేది. ఎవోదియో ఇంటి వంతు వచ్చిన సాయంత్రం క్రిసోఫరోకు పన్ను సలిపేది. వీధి ఈ రెండు జబ్బులనూ పండుగలో భాగంగా స్వీకరించింది. "జలుబు ఎలా ఉంది?" అని అడగడం తప్ప ఎవరూ ఇంకేమీ అనేవాళ్ళు కాదు.

పైకి ఇలా ఉన్నా, ఆదివారం మధ్యాహ్నాలు ఎవోదియోకు గడిచేవి కావు. అంతకుముందు ఆ వేళకు క్రిసోఫరో వచ్చి, కుర్చీ తిప్పి వేసుకుని, దోమినో ఆట బిళ్ళలు మేజా మీద గలగలమని కుమ్మరించేవాడు. ఇప్పుడు పెళ్ళాం ఎర్మీలాతో ఆడాల్సి వస్తోంది. ఎర్మీలా మాట్లాడకుండా ఆడుతుంది, మాట్లాడకుండా గెలుస్తుంది, గెలిచాక లేచి పనిలోకి పోతుంది. ఓడిపోవడంలో కష్టం లేదు, ఓడాక పోట్లాడే మనిషి లేకపోవడమే కష్టం.

ఈ ఏడు బొమ్మ వెళ్ళిన కాసేపటికే ఎర్మీలా సంతనుంచి తిరిగొచ్చింది. పెరట్లో మడతలు పడ్డ కాయలు వేలాడే సీమ వంకాయ తీగ కింద బుట్ట దించి, కొంగు దులుపుకుంది. రాత్రి ఊరి పక్కనున్న అగ్నికొండ కొంచెం బూడిద కక్కింది.

"ఒక మాట చెబుతాను, అరవకు" అంది.

"అరిచే మాటైతే అరవక ఏం చేస్తాను?"

"మీ కొంపాద్రే దుకాణానికి ఫ్లెక్సీ చేయించాడట. చోలూలాలో అచ్చేయించాడు. పండుగ వెళ్ళగానే పెట్టేస్తాడట."

ఎవోదియో అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఎర్మీలాకు.

సంతలో క్రిసోఫరో దుకాణం మీద ఉన్న బోర్డు ఎవోదియో రాసిందే. మరిక్రూస్ జ్ఞానస్నానం జరిగిన ఏడు, ఒక్క పైసా పుచ్చుకోకుండా రాశాడు. చెక్క మీద ఆయిలు పెయింటు. పేరు చుట్టూ యాపిళ్ళు, రేగుపళ్ళు, గుత్తులుగా చిన్న పసుపు తెహోకోతెలు. ఎండకు ఎర్రలు తెల్లబోయాయి, బూడిదకు తెల్లలు నల్లబడ్డాయి. అయినా తగవు నడిచిన ఇన్నేళ్ళలోనూ క్రిసోఫరో దాన్ని దించలేదు. పొద్దున్నే దుకాణం తెరిచి గుడ్డతో బోర్డు తుడుస్తాడని సంతలో వాళ్ళు చెబుతుంటారు. సంతకు వెళ్ళినప్పుడు ఎవోదియో అటువైపు వెళ్ళేవాడు కాదు గానీ, చేపల దుకాణం పక్కనుంచి తల కొంచెం వంచితే బోర్డు కనిపిస్తుంది. చేపలు కొనే అలవాటు లేకపోయినా అక్కడ ఆగేవాడు. ఆ బోర్డు ఉన్నంతకాలం తగవు తగవే గానీ, తెగిపోలేదని లెక్క. ఫ్లెక్సీ వచ్చిందంటే తెగిపోయినట్టే.

"ప్లాస్టిక్కు," అన్నాడు ఎవోదియో. "గాలొస్తే తపతపలాడుతుంది."

"వెళ్ళి మాట్లాడరాదూ?"

"ఏమని? మీ ఫ్లెక్సీ ఎలా ఉందని అడగనా?"

అంతలో మరిక్రూస్ వచ్చింది. ఆ ఏడు వీధి పొసాదాల పెత్తనం ఆమెది. గడపలోంచే మొదలుపెట్టింది.

"నాన్నా, ఇవాళ మొదటి ఇల్లు జ్ఞానతండ్రిది."

"నాకు జలుబు."

"తుమ్ము చూద్దాం."

ఎవోదియో ప్రయత్నించాడు. రాలేదు.

"దోన్యా త్రినిదాద్‌కు కొత్త పళ్ళు కట్టారు," అంది మరిక్రూస్. "పాడితే ఈల వేస్తున్నాయి. బయటివాళ్ళ పాట మొదటినుంచి చివరిదాకా వరుస తప్పకుండా వచ్చేది ఆవిడ తరవాత నీకొక్కడికే. నువ్వు రాకపోతే మరియమ్మా యోసేపూ మూగవాళ్ళలా నిలబడాలి తలుపు ముందు. అది నీకు సమ్మతమేనా?"

యోసేపు పేరు తెస్తే ఎవోదియో కాదనలేడని ఆ పిల్లకు తెలుసు. ఎర్మీలా తల తిప్పుకుని సీమ వంకాయలు కోస్తోంది. నవ్వుతోందో లేదో కనపడలేదు.

చీకటి పడుతుండగా బయల్దేరారు. ముందు మరియమ్మ, యోసేపు, వెనక కొవ్వొత్తులు, ఆ వెనక పిల్లలు. కర్రతో కొట్టి పగలగొట్టే పిన్యాత కుండ ఎక్కడ కట్టారో, అందులో ఏం పోశారో అన్నదే పిల్లల చర్చ. ఎవోదియో మంచి కోటు వేసుకున్నాడు. క్రిసోఫరో ఇంటి నీలిరంగు తలుపు ముందు ఆగి, కోటు బొత్తాలు సరిచూసుకున్నాడు.

గొంతెత్తాడు. మంచి గొంతు, బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అలసిన భార్యను వెంటబెట్టుకుని వచ్చాను, ఈ ఒక్క రాత్రికి చోటివ్వండని అడిగాడు. లోపలినుంచి జవాబు వచ్చింది. కుదరదు, దారిన పొమ్మని. ఆ గుంపులో క్రిసోఫరో గొంతు ఎవోదియోకు విడిగా వినిపించింది. అపశ్రుతి దానిది. ఎక్కడున్నా పట్టుకోవచ్చు. ఎంత కాలమైంది ఆ అపశ్రుతి విని! వాళ్ళు పొమ్మంటుంటే ఇతను అడుగుతున్నాడు, ఇతను అడుగుతుంటే వాళ్ళు పొమ్మంటున్నారు. పాటలో ఉన్నదే అయినా, ఇవాళ అది పాటలా అనిపించలేదు.

పాట అయిపోయింది. తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు.

లోపల ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడైంది. "అటు కాదు, ఇటు, ఇటు లాగు" అని ఎవరో గుసగుసలాడారు. చెక్క నేలను గీరిన చప్పుడు. తలుపుకు అడ్డంగా మేజా పెడుతున్నారనుకున్నాడు ఎవోదియో.

"మరోసారి పాడండి!" అని కేక వేశాడు క్రిసోఫరో లోపలినుంచి. "సరిగ్గా వినపడలేదు!"

తొమ్మిదేళ్ళ తరవాత కొంపాద్రే నోటినుంచి విన్న మొదటి మాట అది. వీధంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవోదియో దిగమింగుకుని మళ్ళీ మొదటినుంచి పాడాడు. దోన్యా త్రినిదాద్ ఆగలేక సాయం పట్టింది, ప్రతి వరుస చివరా ఒక ఈల. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. పాట రెండోసారి అయిపోయింది. లోపల చప్పుడు పెరిగింది. ఏదో చిరిగింది.

"బెత్లెహేములో కూడా ఇంతసేపు నిలబెట్టలేదు," అంది దోన్యా త్రినిదాద్. "మైనం చేతుల మీద కారుతోంది నాయనా."

"కొంపాద్రే!" అన్నాడు ఎవోదియో, ఇక ఉండబట్టలేక. "తలుపు తీస్తారా, తీయరా?"

"పాటలో అడగండి కొంపాద్రే. పద్ధతి పద్ధతే."

"ఉన్న పాటంతా అయిపోయింది. రెండుసార్లు అయిపోయింది!"

"అయితే కొత్తది కట్టండి! మీకేం తక్కువ? బొమ్మలు గీస్తారు, మాటలు కడతారు..."

ఇది ఎత్తిపొడుపే. వీధికి అర్థమైంది. ఎర్మీలా భర్త మోచేయి పట్టుకోబోయింది, కానీ అతను అప్పటికే తలుపుకు దగ్గరగా జరిగాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఫ్లెక్సీని తిట్టాలి, ప్లాస్టిక్కును తిట్టాలి, స్నేహం తెంపుకున్నవాణ్ణి నాలుగు వరుసల్లో నిలువునా కడిగేయాలి, అనుకున్నాడు. తిట్లు కూడా సిద్ధంగానే ఉన్నాయి, ఇన్నేళ్ళుగా పోగుచేసినవి. నోరు తెరిస్తే మాత్రం ఇది వచ్చింది:

"బిళ్ళలు ముందర పేర్చుకుని
ఇంటి ఇల్లాలితో ఆడుతున్నా,
ఆదివారం ఆదివారం ఓడుతున్నా,
చలేస్తోంది, తలుపు తీయండి."

పాతపాట వరుసలోనే పాడాడు.

"అయితే నేను గెలవడం కూడా తప్పేనా?" అంది ఎర్మీలా మెల్లగా, ఎవరినీ ఉద్దేశించకుండా.

లోపల చప్పుడు ఆగిపోయింది. గడియ తీసిన శబ్దం. తలుపు తెరుచుకుంది.

క్రిసోఫరో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చలికాలంలో చెమటలు కారుతున్నాయి. ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు, భుజం మీద తాడు ముక్క. వెనక వసారాలో పొయ్యి మీద పొంచె గిన్నె కుతకుతలాడుతోంది. జామపళ్ళూ చెరుకుముక్కలూ దాల్చినచెక్కా బెల్లంలో ఉడుకుతున్న వాసన వీధిలోకి తోసుకొచ్చింది. ఆ గిన్నె వెనక, గాలీ బూడిదా కొట్టకుండా అడ్డం కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఒక మూల ఊడి, ఒక పక్క చిరిగి, మిగతాది పట్టుదలగా వేలాడుతోంది. క్రిసోఫరో పళ్ళ దుకాణం అని ఎర్రక్షరాలు. కుడివైపు యాపిళ్ళు. ఎడమవైపు తెహోకోతెలు. నడిమధ్యన, మనిషంత ఎత్తున, ఎవోదియో గీసిన పండు. టోపీ చెరిపేశారు గానీ కొస మిగిలిపోయింది. గడ్డం చెరిపేశారు గానీ చెంపల మీద రెండు కుచ్చులు ఉండిపోయాయి. కింద పెద్దక్షరాల్లో: బేరిపళ్ళు.

మరియమ్మా యోసేపూ గడపలోనే ఆగిపోయారు.

"ఇదేనా ఫ్లెక్సీ?" అన్నాడు ఎవోదియో.

"ఇదే."

"ఇంతసేపూ దీన్ని దించుతున్నారా?"

"మరి మేజా అడ్డం పెడుతున్నాననుకున్నారా?"

ఎవోదియో కొవ్వొత్తి ఊది ఆర్పేశాడు.

"సాయంత్రమే వచ్చింది చుట్ట చుట్టి," అన్నాడు క్రిసోఫరో. "పిల్లలు విప్పి, ఏముందో చూడకుండానే కట్టేశారు గాలికి అడ్డంగా. మీరు రెండో వరుస పాడుతుండగా తలెత్తి చూశాను. నా ఖర్మ. బేరిపండు బొమ్మ వెయ్యవయ్యా అని చెప్పాను ఆ అచ్చాఫీసు కుర్రాడికి. వాడు ఫోన్లో బేరిపండు అని వెతికాడట. మొదట ఇదే దొరికిందట. మంచి బేరిపండు సార్ అన్నాడు ఫోన్ చేస్తే." కొంచెం ఆగి, నేల చూపులు చూస్తూ అన్నాడు: "లోకమంతా బేరిపండే అంటోంది కొంపాద్రే. నేనొక్కణ్ణి ఎంతమందితో పోట్లాడను? మీరే గెలిచారు."

ఈ మాట కోసం ఎవోదియో తొమ్మిది డిసెంబర్లు కాచుకున్నాడు. దానికి చెప్పవలసిన జవాబు స్నానాల గదిలో, నిచ్చెనల మీద, చేపల దుకాణం దగ్గర ఎన్నోసార్లు వల్లించుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని ఫ్లెక్సీ వంక మరోసారి చూశాడు. బొమ్మను పెద్దది చేస్తే తప్పులూ పెద్దవవుతాయన్నది సైన్‌బోర్డు కళలో మొదటి పాఠం. ఫోన్‌లో అరచేతంత ఉన్నప్పుడు కనిపించనిది మనిషంత ఎత్తున కనిపిస్తోంది. ఆ పండుకు మెడ లేదు. పైనుంచి కిందికి మడతలు మడతలుగా ఉంది.

"ఉండండి," అన్నాడు. "దీనికి మెడ ఏదీ?"

"ఉంది కదా, టోపీ కింద."

"లేదు కొంపాద్రే. చూడండి, ఈ గడ్డలు చూడండి. మీరు చెప్పిందే నిజమేమో. మెంబ్రియోలాగే ఉంది."

"అబ్బెబ్బే. మీరు మర్యాదకు అంటున్నారు. బేరిపండే ఇది."

"నేను గీసిన బొమ్మ సంగతి నాకు తెలియదా? మెంబ్రియో అంటున్నాను."

"ముప్పయ్యేళ్ళుగా పళ్ళమ్ముతున్నాను, నాకు చెప్పొస్తున్నారా? బేరిపండు!"

"తలకాయ మెంబ్రియో మీది, కొంపాద్రే!"

"మీదైతే బేరిపండైనా కాదు, కొంపాద్రే!"

"ఏ పండైతే నాకేం?" అంది దోన్యా త్రినిదాద్ ఈల వేస్తూ. "పొంచె పొంగిపోతోంది. దారి తప్పుకోండి ఇద్దరూ, మరియమ్మ ఇంకా గడపలోనే నిలబడి ఉంది."

అప్పుడు ఇద్దరూ కౌగిలించుకున్నారు, వీపులు గట్టిగా చరుచుకుంటూ, దుమ్ము దులిపినట్టు. మరిక్రూస్ మొహం పక్కకు తిప్పుకుని పిల్లల మీద కేకలేసింది. ఆ పిల్లలు అప్పటికే వసారా దాటిపోయారు.

ఫ్లెక్సీని పూర్తిగా దించి, ఏడు కొమ్ముల పిన్యాత కింద పరిచారు. పగిలితే పళ్ళు మట్టిలో పడకుండా. పిన్యాత పగిలి కమలాలూ వేరుశనగలూ చెరుకుముక్కలూ కురిసినప్పుడు, పిల్లలంతా ఆ పండు బొమ్మ మీదే పడి దొర్లారు. మూలన మేజా మీద దోమినో బిళ్ళలు గలగలమన్నాయి. ఎవోదియో ఓడాడు. పోట్లాడాడు. మళ్ళీ ఓడాడు. హాయిగా ఉంది ప్రాణానికి.

పాత బోర్డునే కొత్త సంవత్సరంలో దించి తిరగరాయాలని అక్కడే నిర్ణయమైంది. యాపిళ్ళకు ఎరుపు, తెహోకోతెలకు పసుపు. ఈసారి మధ్యలో బేరిపండు కూడా వెయ్యాలన్నాడు క్రిసోఫరో. జూలైలో చెట్టునుంచి మొదటి కాయ తన చేత్తో కోసి తెచ్చి ఎదురుగా పెడతానన్నాడు.

"అంతదాకా ఆ చోటు ఖాళీగా ఉంచండి. మీరు బుర్రలోంచి గీయకండి కొంపాద్రే, మీకు దండం పెడతాను."

ఇంటికి తిరిగొస్తుంటే వీధి నిశ్శబ్దంగా ఉంది. కొండ మీద ఎర్రగా చిన్న వెలుగు. ఎర్మీలా మిగిలిన పొంచె చిన్న గిన్నెలో పట్టుకుని నడుస్తోంది. ఎవోదియో కాసేపు ఏదో పాట కూనిరాగం తీసి, ఆగాడు.

"ఎర్మీలా."

"ఊఁ."

"ఆ రోజు నేను బొమ్మ గీస్తూ పండొకటి ఇమ్మని కేకేశాను నీకు. వెలుగు చూసుకోవడానికి. జ్ఞాపకం ఉందా?"

"ఉంది."

"నువ్వు తెచ్చి పెట్టింది బేరిపండేనా? మెంబ్రియోనా? నిజం చెప్పు."

"డిసెంబరులో బేరిపండు ఎక్కడుంటుంది? మెంబ్రియోలు అప్పటికే ఉడకబెట్టేశాను. చేతికందింది తెచ్చి పెట్టాను. సీమ వంకాయ."

ఎవోదియో నడక ఆపేశాడు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా," అంది ఎర్మీలా, గిన్నె ఒలకకుండా చెయ్యి మార్చుకుంటూ. "మర్నాడు దాన్ని గుడ్డేసి వండాను. నువ్వే తిన్నావు."